ఎల్‌ఓఆర్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఎంఎస్‌కు వెళ్లాలనుకునే పిల్లలకు ఊపిరాడదు. జీఆర్‌ఈ రాయాలా వద్దా, టోఫెలా ఐఈఎల్‌టీఎస్సా, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో తామే రాసే వ్యాసం) ఎంతవరకు వచ్చింది, యూనివర్సిటీల లిస్టు తేలిందా... ఈ హడావుడిలో ఎల్‌ఓఆర్‌లు, అంటే సిఫార్సు లేఖల సంగతి చివరికి మిగిలిపోతుంది. అప్పుడు ఏ సీనియర్‌నో అడిగితే ఠక్కున జవాబు వస్తుంది: హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గర ఒకటి, ప్రిన్సిపాల్ దగ్గర ఒకటి, ప్రాజెక్ట్ గైడ్ దగ్గర ఒకటి తీసేసుకో, అయిపోతుంది. ఏళ్ల తరబడి ఈ సలహా ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు అందుతూ వస్తోంది. ఈ ముగ్గురిలో చాలామందికి పనికొచ్చేది మూడో పేరు ఒక్కటే. అదీ అన్నిసార్లూ కాదు.

అమెరికాలో 2023-24 విద్యా సంవత్సరంలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక చెప్పింది. ఆ ఏడాది చైనాను దాటి మనమే మొదటి స్థానానికి వెళ్లాం. వీళ్లలో 1,96,567 మంది మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయి వాళ్లు. ఇందులో తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా తెలుస్తుంది. అంటే అడ్మిషన్స్ కమిటీ ముందుకు మన కాలేజీల నుంచి వెళ్లే లేఖలు ఒకటీ రెండూ కాదు, కట్టలు కట్టలు. అదే సిలబస్, అవే సబ్జెక్టుల పేర్లు, దాదాపు అవే వాక్యాలు. మార్కుల మెమోలో కనిపించనిది ఏదైనా చెప్పడానికి దొరికే కొద్దిపాటి చోటు ఈ లేఖలే. దాన్ని హోదా ఉన్న సంతకాలకు ఇచ్చేయడం దగ్గరే మొదటి నష్టం జరుగుతుంది.

ఫారంలో ఏముంటుంది

ఎల్‌ఓఆర్ అంటే లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, స్టాంపు వేసి, కవరు అంటించి ఇచ్చేదని ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. ఇప్పుడు దాదాపు అంతా ఆన్‌లైనే. అప్లికేషన్‌లో సార్ పేరు, హోదా, కాలేజీ మెయిల్ ఐడీ నింపగానే యూనివర్సిటీ నుంచి నేరుగా ఆయనకే ఒక లింక్ వెళ్తుంది. అది తెరిస్తే లేఖ అప్‌లోడ్ చేసే చోటు కన్నా ముందు చాలా ఫారాల్లో కొన్ని ప్రశ్నలుంటాయి. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు? ఏ హోదాలో తెలుసు, క్లాసులోనా, ల్యాబ్‌లోనా, ప్రాజెక్టులోనా? మీరు ఎవరెవరితో పోల్చి చెబుతున్నారు, ఈ ఏడాది క్లాసుతోనా, మీ సర్వీసు మొత్తంలో చూసిన వాళ్లతోనా?

ఆ తర్వాత ఒక పట్టిక వస్తుంది. సబ్జెక్టు పరిజ్ఞానం, సొంతంగా ఆలోచించే శక్తి, రాతలో స్పష్టత, నలుగురితో కలిసి పనిచేసే తీరు, పరిశోధనకు పనికొచ్చే ఓపిక లాంటివి ఒక వరుసలో. వాటికెదురుగా టాప్ 2 శాతం, టాప్ 5, టాప్ 10, టాప్ 25 లాంటి గడులు. చివర్లో ఇంకో గడి ఉంటుంది, దాని గురించి పిల్లలకు ఎవరూ చెప్పరు: 'చెప్పేంతగా నాకు తెలియదు'.

ప్రిన్సిపాల్ గారిని అడిగితే ఏమవుతుందో ఇక్కడ ఊహించుకోవచ్చు. ఆయన ఆ విద్యార్థిని చూసింది ఫ్రెషర్స్ డే నాడు వేదిక మీద, లేదా ఫీజు విషయంలో సంతకానికి వెళ్లినప్పుడు. ఆయన నిజాయితీగా నింపితే సగం గడులు 'తెలియదు' దగ్గర ఆగుతాయి. మొహమాటపడి అన్నింటికీ టాప్ 5 శాతం పెడితే, కింద లేఖలో దానికి ఆధారంగా ఒక్క సంఘటన కూడా ఉండదు. చదివేవాళ్లకు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు. వాళ్ల పనే అది.

హెచ్‌ఓడీ సంగతి కొంచెం వేరు. ఆయన పాఠం కూడా చెప్పి ఉండొచ్చు, ఒక సెమిస్టర్ ల్యాబ్ కూడా చూసి ఉండొచ్చు. అప్పుడు ఆయన పాఠం చెప్పిన సార్ కాబట్టే అడగాలి, హెచ్‌ఓడీ కాబట్టి కాదు. ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగా పెట్టుకుంటే సగం తికమక తీరిపోతుంది.

పెద్ద పేరు ఎప్పుడు పనిచేస్తుంది

హోదాకు అసలు విలువే లేదా? ఉంది, కానీ మనం అనుకునే రకంగా కాదు. 1948లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి, తర్వాత ప్రసిద్ధ గణితవేత్త అయిన జాన్ నాష్ కోసం రిచర్డ్ డఫిన్ రాసిన లేఖను చాలామంది ఉదాహరణగా చెబుతారు. నాష్‌కు అప్పుడు పందొమ్మిదేళ్లు, కార్నెగీ టెక్‌లో చదువు పూర్తవుతోంది. ఈ రెండు వివరాలూ చెప్పి, ఇతను గణితంలో మేధావి అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు డఫిన్. లేఖ మొత్తం కలిపి నాలుగైదు లైన్లు. నాష్‌కు ప్రిన్స్‌టన్‌లో సీటు వచ్చింది, 1994లో నోబెల్ కూడా వచ్చింది.

దీన్ని బట్టి చిన్న లేఖ చాలు, పెద్దాయన పేరుంటే చాలు అనుకుంటే పొరపాటు. డఫిన్ నాష్‌కు పాఠం చెప్పినవాడు. పైగా తనూ గణితంలో పేరున్నవాడు. అలాంటివాడు మేధావి అంటే ఆ మాటకు ఎంత బరువుందో చదివేవాళ్లు అంచనా వేసుకోగలరు. కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఒక అనుబంధ కాలేజీలో పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్ అమెరికాలో ఆ కమిటీకి తెలియదు. ఆ కాలేజీ ప్రిన్సిపాలూ తెలియదు. వాళ్ల దృష్టిలో ఇద్దరూ ఒకటే, ఇద్దరూ అపరిచితులే. అపరిచితుడి మాటను నమ్మించేది అతని కుర్చీ కాదు, అతను చెప్పే వివరం. కాబట్టి మన పిల్లలకు హోదా వల్ల వచ్చే లాభం చాలా తక్కువ, వివరం వల్ల వచ్చే లాభం చాలా ఎక్కువ. వివరం ఎవరి దగ్గర ఉందో వాళ్లనే అడగాలి.

ఒకే సార్ యాభై మందికి రాసే లేఖల విషయంలో ఇంకో చిక్కుంది. 1981లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ సైకాలజీలో వచ్చిన ఒక అధ్యయనంలో సిఫార్సు లేఖలను పోల్చి చూశారు. ఒకే విద్యార్థి గురించి ఇద్దరు రాసిన లేఖల మధ్య కన్నా, ఒకే మనిషి ఇద్దరు విద్యార్థుల గురించి రాసిన లేఖల మధ్యే పోలిక ఎక్కువ కనిపించింది. అంటే లేఖలో విద్యార్థి కన్నా రాసినవాళ్ల అలవాటే ఎక్కువ బయటపడుతోందన్నమాట. బ్రాంచ్‌లో ఎంఎస్‌కు వెళ్లే వాళ్లంతా వరుస కట్టే హెచ్‌ఓడీ దగ్గర ఇది ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే అందరూ వెళ్లే గది దగ్గరికి కాకుండా, తక్కువమంది వెళ్లే గది దగ్గరికి వెళ్లడం చాలాసార్లు మేలు చేస్తుంది.

ఎవరు నిజంగా చూశారు

ఈ ప్రశ్న మన కాలేజీల్లో అంత తేలికైనది కాదు. సెక్షన్‌లో అరవై మంది. పరీక్షల పద్ధతి కూడా సార్‌ను విద్యార్థికి దూరంగానే ఉంచుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్, 60 మార్కులు సెమిస్టర్ చివరి పరీక్షకు. అంతకుముందు ఆర్18లో అయితే ఇంటర్నల్‌కు 25 మార్కులే. యూనివర్సిటీ పరీక్షల్లో పేపర్లు స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తాయి, వాటిని దిద్దేది ఎవరో. పాఠం చెప్పిన సార్‌కు తన విద్యార్థి ఆ జవాబు ఎలా రాశాడో కనిపించనే కనిపించదు. ఆయన చూసేది మిడ్ పేపర్, అసైన్‌మెంట్, ల్యాబ్ రికార్డు. అందులో రికార్డు చాలామందిది ఒకరిది చూసి ఒకరు రాసిందే. అందుకే 'ఈ సబ్జెక్టులో నాకు 10 గ్రేడ్ పాయింట్లు వచ్చాయి కాబట్టి ఆ సార్‌ను అడుగుతా' అనే లెక్క తప్పుతుంది. ఆ పది పాయింట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎలాగూ ఉన్నాయి. లేఖ అదే మాట మళ్లీ చెబితే కొత్తగా ఒరిగేదేమీ లేదు.

మరి ఎక్కడ చూస్తారు? మినీ ప్రాజెక్టులో, మెయిన్ ప్రాజెక్టు రివ్యూల్లో, టెక్నికల్ సెమినార్‌లో, హ్యాకథాన్‌కు మెంటార్‌గా వచ్చినప్పుడు, క్లబ్ పనుల్లో, క్లాసయ్యాక డౌట్ అడగడానికి వెళ్లినప్పుడు. ఒక ఉదాహరణ అనుకుందాం. మిరప ఆకు ఫొటో చూసి తెగులును గుర్తుపట్టే మోడల్ ఒకటి నలుగురు కలిసి మినీ ప్రాజెక్టుగా చేస్తున్నారు. రెండో రివ్యూకు 98 శాతం కచ్చితత్వం వచ్చింది. ముగ్గురూ సంబరపడ్డారు. నాలుగో అమ్మాయికి మాత్రం అనుమానం వచ్చింది. ఫొటోలు తిరగేస్తే ఒకే ఆకును నాలుగు కోణాల్లో తీసిన ఫొటోలు కొన్ని ట్రైనింగ్‌లోకి (మోడల్‌కు నేర్పడానికి), కొన్ని టెస్టింగ్‌లోకి (అది నేర్చుకుందో లేదో చూడటానికి) వెళ్లాయని తేలింది. మోడల్ తెగులును నేర్చుకోలేదు, ఆ ఆకునే గుర్తుపెట్టుకుంది. ఆమె ఆకుల వారీగా విడదీసి మళ్లీ రన్ చేస్తే 81 వచ్చింది. రివ్యూలో 81 చూపిస్తే మార్కులు తగ్గుతాయని టీమ్ అంటే, సార్ దగ్గరికి వెళ్లి రెండు అంకెలూ చూపించి, ఏది రిపోర్టులో పెట్టాలో, ఎందుకో చెప్పింది.

ఆ గైడ్ అసిస్టెంట్ ప్రొఫెసరే కావచ్చు, ఉద్యోగంలో చేరి మూడేళ్లే అయ్యుండొచ్చు, పీహెచ్‌డీ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. కానీ డేటా సైన్స్ కోర్సుకు అప్లై చేసే ఆ అమ్మాయి గురించి ఆయన రాయగలిగిన ఆ ఒక్క పేరా, ప్రిన్సిపాల్ రెండు పేజీల లేఖ కన్నా ఎన్నో రెట్లు విలువైనది. పరిశోధనకు ఏం కావాలో అది ఆ పేరాలో ఉంది: అనుమానం రావడం, దాన్ని తేల్చుకోవడం, తేలింది నష్టమైనా దాచకపోవడం. 'మంచి విద్యార్థిని, కష్టపడుతుంది, సమయపాలన పాటిస్తుంది' అనే వాక్యంలో ఇవేవీ లేవు.

ఇక్కడే ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చి, డాక్యుమెంటేషన్ కూడా వాళ్ల దగ్గరే తీసుకుని రివ్యూ గట్టెక్కించిన వాళ్లకు ప్రాజెక్ట్ గైడ్ దగ్గర తీసుకునే లేఖ పనికిరాదు. ఆయన ఏదీ చూడలేదు. ఒకవేళ చూశారంటే, కొన్నదని గమనించి ఊరుకుని ఉంటారు. ఇలాంటి వాళ్లు సెకండియర్, థర్డియర్‌లలో వెనక్కి వెతుక్కోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో మాన్యువల్‌లో లేని ప్రోగ్రాం రాసి చూపించిన రోజు, గణితం మేడమ్ బోర్డు మీద చేసిన లెక్కలో మెట్టు తప్పిందని నిలబడి చెప్పిన రోజు, బ్యాక్‌లాగ్ పడ్డ సబ్జెక్టును అదే సార్ దగ్గర కూర్చుని మళ్లీ నేర్చుకున్న రోజులు ఎవరికైనా కొన్ని ఉంటాయి. చివరిది విని చాలామంది ఉలిక్కిపడతారు. ఫెయిలైన సబ్జెక్టు సార్‌ను అడగడమేంటని. మొదట తడబడి తర్వాత నిలదొక్కుకున్న విద్యార్థిని దగ్గరి నుంచి చూసిన సార్, ట్రాన్‌స్క్రిప్ట్‌లోని ఆ మచ్చకు వివరణ ఇవ్వగల ఏకైక మనిషి. మూడు లేఖల్లో ఒకటి అలాంటిది ఉంటే తప్పేమీ లేదు, మంచిదే. కాకపోతే ఆ తర్వాత నిలదొక్కుకున్నట్టు మార్కులు కూడా చెప్పాలి.

మూడు లేఖలు మూడు సంగతులు చెప్పాలి

అమెరికాలో ఎక్కువ ఎంఎస్ ప్రోగ్రాములు మూడు లేఖలు అడుగుతాయి. కొన్ని రెండుతో సరిపెట్టుకుంటాయి, అసలు అడగనివీ ఉన్నాయి. యూకే మాస్టర్స్‌కు తరచుగా ఒకటో రెండో సరిపోతాయి. మూడు అడిగారంటే ఒకే మాట ముగ్గురితో చెప్పించమని కాదు. ముగ్గురూ 'తెలివైన విద్యార్థి' అనే చెబితే ఒక లేఖ వచ్చినట్టే లెక్క.

ఎంపికను ఒకేసారి మూడు పేర్లుగా కాకుండా, మూడు సంగతులుగా ఆలోచిస్తే దారి దొరుకుతుంది. వెళ్లబోయే కోర్సుకు పునాది అయిన సబ్జెక్టులో పట్టుందని చెప్పగలిగేది ఎవరు? డేటా సైన్స్‌కైతే ప్రాబబిలిటీ లేదా మెషిన్ లెర్నింగ్ చెప్పినవాళ్లు, వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్)కైతే డిజిటల్ డిజైన్ చెప్పినవాళ్లు. ఒక పని మొదలుపెట్టి చివరిదాకా తీసుకెళ్లగలరని చెప్పేది ఎవరు? ఇక్కడ ప్రాజెక్ట్ గైడో, ఇంటర్న్‌షిప్‌లో పని చూసినవాళ్లో వస్తారు. మూడో లేఖ ఆ విద్యార్థికి మాత్రమే ఉన్న ఏదో ఒక సంగతికి: రాతలో బలం, ఎన్‌ఎస్‌ఎస్‌లో చేసిన పని, జూనియర్లకు కోడింగ్ నేర్పిన తీరు. కానీ మూడోది కూడా చదువుకు దగ్గరగానే ఉండాలి. డ్యాన్స్ మాస్టారు, క్రికెట్ కోచ్, ఎమ్మెల్యే గారు, కంపెనీ పెట్టిన మేనమామ ఈ జాబితాలోకి రారు. ముఖ్యంగా చివరి ఇద్దరి లేఖలు మేలు చేయకపోగా, పలుకుబడి చూపించే ప్రయత్నంలా కనిపించి చెడు చేస్తాయి.

పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు ఈ లెక్క మారుతుంది. అక్కడ మూడూ పరిశోధన చుట్టూనే ఉంటే మంచిది. వేసవిలో ఏ ఐఐటీలోనో, ట్రిపుల్ ఐటీలోనో ఇంటర్న్‌షిప్ చేసి ఉంటే ఆ ప్రొఫెసర్ లేఖ అన్నింటికన్నా ముందుంటుంది. అయితే అక్కడా అదే షరతు: ఆయన స్వయంగా పని చూసి ఉండాలి. రోజూ పని చూసింది ఆయన దగ్గరి పీహెచ్‌డీ స్కాలర్ అయితే, స్కాలర్ చెప్పిన వివరాలతో ప్రొఫెసర్ రాసి సంతకం చేస్తే బాగుంటుంది. అలా చేయమని అడగడంలో తప్పు లేదు, చాలాచోట్ల జరిగేదే.

ఉద్యోగం చేసి రెండు మూడేళ్ల తర్వాత అప్లై చేసేవాళ్లకు ఒక లేఖ ఆఫీసు నుంచి, రెండు కాలేజీ నుంచి అన్నది మామూలుగా కుదిరే పద్ధతి. ఆఫీసు విషయంలోనూ డెలివరీ హెడ్ కన్నా టీమ్ లీడ్ నయం. కోడ్ రివ్యూ చేసింది, అర్ధరాత్రి ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పుడు కాల్‌లో ఉన్నది ఆయనే. హెచ్‌ఆర్ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్ మాత్రం సిఫార్సు లేఖ కాదు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పనిచేశారన్నదే అందులో ఉంటుంది.

'కష్టపడుతుంది' అన్న మాట

అమ్మాయిలు ఈ విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. 2003లో ఫ్రాన్సిస్ ట్రిక్స్, కారొలిన్ ప్సెంకా అనే పరిశోధకులు అమెరికాలోని ఒక పెద్ద వైద్య కళాశాలలో ఉద్యోగాలకు వచ్చిన 300కు పైగా సిఫార్సు లేఖలను పరిశీలించారు. మహిళల గురించి రాసిన లేఖలు సగటున చిన్నవిగా ఉన్నాయి. కష్టపడే స్వభావం, శ్రద్ధ గురించిన మాటలు వాటిలో ఎక్కువగా, పరిశోధన ప్రస్తావన తక్కువగా కనిపించాయి. రాసినవాళ్లకు దురుద్దేశం ఉండాల్సిన పని లేదు, అలవాటుగా వచ్చే మాటలే అవి.

మన దగ్గర క్లాసులో అమ్మాయిని మెచ్చుకోవాలంటే ముందుగా నోటికొచ్చేవి ఏవి? సిన్సియర్, అణకువ గలది, రెగ్యులర్‌గా వస్తుంది. తల్లిదండ్రులకు ఇవి గొప్ప మెచ్చుకోళ్లుగా వినిపిస్తాయి. కమిటీకి మాత్రం, ఆమె ఏం ఆలోచించింది, ఏం కట్టింది, ఏం కనిపెట్టింది అన్నది తెలియకుండానే పోతుంది. కాబట్టి తన మంచితనాన్ని కాక తన పనిని గుర్తుపెట్టుకున్న సార్ ఎవరో, మేడమ్ ఎవరో అమ్మాయిలు ప్రత్యేకంగా వెతుక్కోవాలి. వివరాలు ఇచ్చేటప్పుడు కూడా పనుల గురించే ఇవ్వాలి.

'నువ్వే రాసుకుని తీసుకురా'

ఇంత ఆలోచించి వెళ్లినా చాలామందికి ఎదురయ్యే జవాబు ఇదే. డ్రాఫ్ట్ రాసుకుని రా, చూసి పంపిస్తాను. సార్‌లను తప్పుపట్టడం తేలిక. వారానికి అన్ని పీరియడ్లు, పైగా కాలేజీ గుర్తింపు కోసం నాక్ పనులు, ఎన్‌బీఏ ఫైళ్లు, అడ్మిషన్ల డ్యూటీలు. లేఖ రాస్తే ఆయనకు కలిసొచ్చేదీ ఏమీ లేదు. కానీ విద్యార్థికి జరిగే నష్టం మాత్రం నిజం. మూడు లేఖలూ ఒకే చెయ్యి రాస్తే మూడింటిలో అవే వాక్యాల పొడవు, అవే విశేషణాలు, అవే తప్పులు ఉంటాయి. పైగా ఎస్‌ఓపీ కూడా అదే గొంతుతో ఉంటుంది. కన్సల్టెన్సీ రాసిచ్చినవైతే అవే పేరాలు పక్క కాలేజీ పిల్లల లేఖల్లోనూ ఉంటాయి. తన గురించి తాను రాసుకునేటప్పుడు ఎవరైనా పెద్ద మాటలకే పోతారు, చిన్న వివరాలు రాయడానికి సిగ్గుపడతారు. అసలు కావాల్సినవి ఆ చిన్న వివరాలే.

దీనికి మధ్యేమార్గం ఉంది. డ్రాఫ్ట్ బదులు ఒక పేజీ వివరాలు ఇవ్వాలి. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు మీ దగ్గర చదివాను, ఎన్ని మార్కులు, ఏ ప్రాజెక్టు, అందులో నా వాటా ఏంటి, ఏ సమస్య వచ్చింది, ఎలా తేల్చాను, మీరు అప్పుడు ఏమన్నారు. చివరిది తప్పకుండా ఉండాలి. 'సెకండ్ రివ్యూలో డేటాను ఆకుల వారీగా విడదీసి మళ్లీ చూపించినప్పుడు మీరు ఫలానా ప్రశ్న వేశారు సార్' అని గుర్తుచేస్తే చాలు, మిగతాది ఆయనకే జ్ఞాపకమొస్తుంది. ఇంకో పది నిమిషాలు దొరికితే ఆయన మాట్లాడుతుంటే నోట్ చేసుకుని ఆ నోట్సే ఆయనకు మెయిల్ చేయొచ్చు. ఇంగ్లిష్‌లో పెద్ద లేఖ రాయడానికి మొహమాటపడే సార్‌లకు ఇది నిజంగా సాయం. ఇలా ఇస్తే రాస్తాననే సార్, డ్రాఫ్టే కావాలనే సార్ ఇద్దరూ ఉంటే, హోదా ఏదైనా సరే మొదటి ఆయన్నే ఎంచుకోవాలి.

సార్ పేరుతో వేరే మెయిల్ ఐడీ తెరిచి తామే అప్‌లోడ్ చేసుకునే పని మాత్రం ఎవరు ఎంత ధైర్యం చెప్పినా చేయకూడదు. అప్లికేషన్‌లో ఇచ్చిన వివరాలన్నీ నిజమని ఒప్పుకుంటూ చివర్లో సంతకం చేస్తారు. అబద్ధమని తేలితే వచ్చిన సీటు రద్దు చేసే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది, చేరిన తర్వాత కూడా. పాతిక ముప్పై లక్షల అప్పు తలమీద పెట్టుకుని వెళ్లే చదువును అంత చిన్న దొంగదారి మీద నిలబెట్టడం తల్లిదండ్రులకు చేసే అన్యాయం. కాలేజీ డొమైన్ మెయిల్ లేని సార్‌లు చిన్న కాలేజీల్లో ఇప్పటికీ ఉన్నారు. అలాంటప్పుడు ఆఫీసులో అడిగి ఐడీ చేయించుకోమని సార్‌ను ముందే బతిమాలుకోవాలి. అది కుదరకపోతే కాలేజీ వెబ్‌సైట్‌లోని ఫ్యాకల్టీ పేజీలో ఆయన మెయిల్ కనిపించేలా చూసుకోవడం కొంత నయం.

అప్లికేషన్‌లో ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: లేఖను చూసే హక్కును వదులుకుంటారా? అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కుంది, సిఫార్సు లేఖలతో సహా. ఆ హక్కు వదులుకోవడం తప్పనిసరి కాదు. కానీ వదులుకుంటేనే, రాసినవాళ్లు నిర్మొహమాటంగా రాశారని చదివేవాళ్లు నమ్ముతారు. మామూలుగా అందరూ ఇచ్చే సలహా 'వదులుకుంటాను' అని టిక్ పెట్టమనే. సార్ ఏం రాస్తారోనని ఆ టిక్ పెట్టడానికి చెయ్యి రాకపోతే, టిక్‌లో లేదు తేడా, ఎంచుకున్న మనిషిలో ఉంది.

ఎప్పుడు, ఎలా అడగాలి

చాలా ప్రోగ్రాముల ఫాల్ (ఆగస్టు-సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్) గడువులు డిసెంబరు మొదటివారం నుంచి మొదలవుతాయి. అదే సమయంలో మన దగ్గర సెమిస్టర్ పరీక్షలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్. కాబట్టి సెప్టెంబరు చివరికల్లా అడిగేయాలి, అక్టోబరు దాటనివ్వకూడదు. ఎనిమిది యూనివర్సిటీలకు అప్లై చేస్తే సార్‌కు ఎనిమిది లింకులు వెళ్తాయని కూడా అప్పుడే చెప్పాలి. అన్నీ ఒకేరోజు వచ్చేలా అప్లికేషన్‌లు నింపితే ఆయన ఒకేసారి కూర్చుని పూర్తి చేస్తారు. విడివిడిగా రెండు నెలల పాటు వస్తుంటే కొన్ని స్పామ్‌లో పోతాయి.

అడిగే మాట కూడా ముఖ్యమే. 'సార్, ఎల్‌ఓఆర్ ఇస్తారా' అంటే ఎవరూ కాదనరు. 'సార్, నా ప్రాజెక్టు పని గురించి మీరు వివరంగా రాయగలరనిపిస్తోంది, మీకు వీలవుతుందా' అంటే కాదనడానికి ఆయనకు మర్యాదైన దారి దొరుకుతుంది. 'నాకన్నా ఫలానా మేడమ్‌కు నువ్వు బాగా తెలుసు కదమ్మా' అన్నారంటే అది తిరస్కారం కాదు, ఆయన చేసిన మేలు. బలవంతం చేసి తీసుకున్న లేఖ ఎప్పుడూ పలచగానే ఉంటుంది.

ప్రైవేటు కాలేజీల్లో సార్‌లు ఏడాది తిరిగేసరికి కాలేజీ మారిపోతుంటారు. ఇప్పుడు థర్డియర్‌లో ఉన్నవాళ్లు ఈ విషయం దృష్టిలో పెట్టుకుని ఫోన్ నంబరు తీసి ఉంచుకోవాలి. కాలేజీ మారిన సార్ కొత్త కాలేజీ మెయిల్‌తో రాయొచ్చు. పాత కాలేజీలో ఏ హోదాలో, ఎప్పుడు పాఠం చెప్పారో లేఖలో ఒక వాక్యం ఉంటే సరిపోతుంది.

ఇంటర్ తర్వాతే అమెరికాలో బీటెక్ లాంటి చదువుకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఎంఐటీ ఒక గణితం లేదా సైన్స్ టీచర్ నుంచి, ఒక భాష లేదా సామాజిక శాస్త్రాల టీచర్ నుంచి లేఖ కోరుతుంది. మన ఎంపీసీ పిల్లలకు రెండోది ఇంగ్లిష్ లెక్చరరో, తెలుగు లేదా సంస్కృతం లెక్చరరో అవుతారు. కోచింగ్ గోలలో ఆ క్లాసులను లెక్కచేయని పిల్లలు ఇక్కడే ఇరుక్కుంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మామూలుగా అప్లికేషన్‌తో లేఖలే అడగవు. అమెరికాలోనే పెరిగిన తెలుగు పిల్లలకు పదకొండో తరగతి టీచర్లే మొదటి ఎంపిక కావాలి, ఎక్కడో ప్రొఫెసర్‌గా ఉన్న కుటుంబ స్నేహితుడు కాదు.

ఇంతా చేస్తే వచ్చే లాభమెంత అన్నది న్యాయమైన ప్రశ్నే. నేథన్ కన్సెల్, మరో ఇద్దరు 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూశారు. తర్వాత వచ్చే గ్రేడ్లను లేఖలు పెద్దగా ముందే చెప్పలేవని తేలింది. కానీ డిగ్రీ చివరిదాకా పూర్తి చేస్తారా లేదా అన్న విషయంలో, పరీక్షల స్కోర్లూ మార్కులూ చెప్పని సంగతి కొంత లేఖలు చెప్పగలుగుతున్నాయి. పట్టుదల మార్కుల్లో కనిపించదు. దగ్గరుండి చూసినవాళ్లకే కనిపిస్తుంది.

గడువుకు పది రోజుల ముందు పోర్టల్‌లో ఏ లేఖ వచ్చిందో ఏది రాలేదో చూసుకోవాలి. రాకపోతే సార్‌కు ఫోన్ చేయడానికి సంకోచించక్కర్లేదు, చాలాసార్లు లింకు స్పామ్‌లో పడి ఉంటుంది. పోర్టల్ నుంచే రిమైండర్ మళ్లీ పంపొచ్చు. లేఖలు గడువు తర్వాత కొన్ని రోజుల వరకు తీసుకునే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి, కానీ విద్యార్థి అప్లికేషన్ మాత్రం సమయానికి వెళ్లిపోవాలి. సార్‌కు ఆరోగ్యం బాగోలేకో, మరో కారణం వల్లో రాయలేని పరిస్థితి వస్తే, చాలా పోర్టళ్లలో ఆ పేరు తీసేసి ఇంకొకరిని చేర్చే వీలుంటుంది. అందుకోసం నాలుగో పేరు ఒకటి మొదటి నుంచే అనుకుని, ఆ సార్‌కో మేడమ్‌కో కూడా అదే ఒక పేజీ వివరాలు ఇచ్చి ఉంచితే డిసెంబరులో టెన్షన్ ఉండదు.